దిగినంతే ఎక్కించాలి

గేరు వెయ్యగానే ఆ కారు గుక్కెడు నీళ్ళు మింగేంత సేపు ఆలోచించేది. ఆ తర్వాత ఎవరో వెనకనించి వీపు మీద చరిచినట్టు ఒక్కసారి ఉలిక్కిపడి కదిలేది. క్లచ్చు లేని కారు. పుల్ల లాగి వదిలేస్తే గేర్లు తనే మార్చుకుంటుంది. అలాంటిది ఈమధ్య ఎందుకో నసుగుతోంది.

"మోకాళ్ళ నెప్పులున్నవాళ్ళు కుర్చీలోంచి లేచేటప్పుడు ఇంతే కదా. లేచాక బాగానే నడుస్తుంది పాపం" అనేది సిస్టరమ్మ, కారుని వెనకేసుకొస్తూ.

ఆవిడకి డెబ్బై ఒకటి. ఆస్పత్రి ఉద్యోగం వదిలి పదమూడేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా సిస్టరమ్మే. రోజూ ఏడింటికల్లా నల్ల సంచీ వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరుతుంది. మూడిళ్ళు. ఒకచోట నడుం విరిగి మంచాన పడ్డ పెద్దాయన వీపు మీద పుండుకి కట్టు. ఇంకోచోట చక్కెర జబ్బుతో కాలు పుచ్చిన ఇల్లాలు. మూడోది, ఒకప్పుడు ఆవిడ వార్డులోనే పనిచేసిన ఆయమ్మ. మూడూ మూడు దిక్కులు. కారు లేకపోతే మధ్యాహ్నానికి ఒక్క ఇల్లు తెమిలితే గొప్ప.

గురువారం సాయంత్రం కొడుకు ఆఫీసునించి వచ్చి, గుమ్మంలోనే కూచుని, బూటు లేసు విప్పుతూ చెప్పాడు.

"మేస్త్రి చూశాడమ్మా. గేరుబాక్సు పోయిందట. బాగు చెయ్యడం దండగన్నాడు. ఆదివారం పదింటికి ఒకాయన వచ్చి తీసుకెళ్ళిపోతాడు. మాట్లాడేశాను."

సిస్టరమ్మ మంచం మీద గాజుగుడ్డ ముక్కలు మడతపెడుతోంది. ఒక మడత వేసి, దాని మీద ఇంకోటి వేసి, అంచులు సరిచేసింది.

"అలాగా" అంది.

"నీ మూడిళ్ళకీ ఏదో ఒక బండి మాట్లాడదాంలే."

"ఊఁ."

అంతే మాట. కుట్టుమిషను దగ్గర కూచున్న కోడలు పాదం ఆపి చూసింది. అత్తగారు లేచి పంపు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ వెళ్ళి, మోచేతులదాకా సబ్బు రాసి రెండోసారి కడుక్కుంది. తిరిగొస్తూ మేకుకి వేలాడుతున్న కారు తాళాన్ని తీసింది. ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. వంకరగా ఉందేమో, తిన్నగా తగిలించి లోపలికెళ్ళిపోయింది.

కోడలు మిషను మీదున్న చొక్కాకి కాలరు తలకిందులుగా కుట్టేసి, విప్పుకోవాల్సి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కుట్టిన సీటు తొడుగులు ఇవ్వడానికి కోడలు మేస్త్రి షెడ్డుకి వెళ్ళింది. పని తీరికగా చేస్తాడని ఆయన్ని అందరూ నత్త మేస్త్రి అంటారు. ఎదురుగానే అంటారు. ఆయనా పలుకుతాడు.

"అమ్మగారి బండి ఎప్పుడు తెస్తున్నారక్కా?" అన్నాడు తొడుగు కుట్లు లాగి చూస్తూ.

"ఎందుకు? అమ్మేస్తున్నాంగా."

"అమ్మేస్తున్నారా! ఆయిలు మార్చి చూద్దామన్నానే సారుతో? నా చేతిలో నాలుగు బళ్ళున్నాయి, వారం ఆగమన్నాను. అందుకా?"

"గేరుబాక్సు పోయిందన్నారట కదా మీరు?"

మేస్త్రి తొడుగు కింద పెట్టాడు. "ఎవరు, నేనా? నేనలా అనలేదే! పన్నెండేళ్ళనించి ఆయిలు మార్చకపోతే మీరైనా నేనైనా అలాగే ఉలిక్కిపడతాం. మారిస్తే బాగవుతుందని రాసిమ్మంటే రాసివ్వను. పోయిందని మాత్రం చచ్చినా అనలేదు."

కోడలికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత భర్త ఆఫీసు బల్ల గుర్తొచ్చింది. ఇన్సూరెన్సు క్లెయిములు చూసే ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా నుజ్జయిన కార్ల ఫొటోలు. పోయిన నెల అన్నం దగ్గర "ఇవాళ ఒకావిడ, మన అమ్మ వయసే..." అని మొదలుపెట్టి, అక్కడే ఆపేసి మంచినీళ్ళు తాగాడు. ఆ పూట సగం అన్నం వదిలేశాడు. అది గుర్తొచ్చాక కూడా ఒళ్ళు మంట పూర్తిగా చల్లారలేదు. భయపడితే భయపడ్డాడు, ఆవిడ బండిని ఆవిడకి చెప్పకుండా బేరం పెట్టెయ్యడమేంటి?

"ఇంట్లో మార్చుకోవచ్చా అది?" అంది.

మేస్త్రి నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"మార్చుకోవచ్చు. తల స్నానం ఆయిలుతోనే అవుతుంది, దానికి సిద్ధమైతే. దీనికి కింద బిరడా ఉండదు. అడుగు పళ్ళెం మొత్తం విప్పాలి, పద్నాలుగు బోల్టులు. మూడు వైపులా వదులు చేసి ఒక మూల ముందు దించండి, ఆ మూలనించి కారుతుంది. తీసినవి తీసినచోటే పెట్టాలి. మళ్ళీ బిగించేటప్పుడు ఒక పక్కనించి బిగిస్తూ పోకండి, పళ్ళెం వంకరపోతుంది."

"మధ్యన ఒకటి, ఎదురుగా ఒకటి. ఆ తర్వాత మూలలు. చొక్కాకి చెయ్యి అతికేటప్పుడు టాకాలేసినట్టు" అంది కోడలు.

మేస్త్రి ఆమెని ఎగాదిగా చూశాడు. లోపలికెళ్ళి పళ్ళెం అంచుకి వేసే కొత్త గాస్కెట్టు, ఆయిలు వడకట్టే జల్లెడ, ఆయిలు డబ్బాలు, రెండు ఇనప స్టాండ్లు తెచ్చి ముందు పెట్టాడు. "స్టాండ్లు అరువు. ఒట్టి జాకీ మీద నిలబెట్టి కిందికి దూరారని తెలిసిందో, మీ ఇంటి గుమ్మం తొక్కను. ఆఖర్న ఆయిలు మట్టం చూపే కొలత పుల్ల చూసుకోవడం మర్చిపోకండి."

ఇంటికెళ్ళి అత్తగారితో ఇంత మాత్రమే చెప్పింది: "మేస్త్రి ఆయిలు మార్చి చూడమంటున్నాడు అత్తయ్యా. రేపు మనమే మార్చేద్దాం."

సిస్టరమ్మ కళ్ళజోడు పైనించి చూసింది. "ఎప్పుడన్నాడు?"

"ఇవాళ."

"ఓహో" అంది. బీరువా పైనించి పాత ట్రంకు దించమంది.

శనివారం మూడిళ్ళూ తిరిగొచ్చాక కారు వసారా ముందు గచ్చు మీద చల్లారుతూ నిలబడింది. కోడలు భర్త పాత ప్యాంటూ చొక్కా వేసుకుని, నెత్తికి గుడ్డ చుట్టుకుంది. వెనక చక్రాలకి అటూ ఇటూ ఇటికలు పెట్టారు. ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద దించాక, సిస్టరమ్మ కారుని రెండు చేతులతో పట్టుకుని నాలుగుసార్లు ఊపి చూసింది. కదల్లేదు. అప్పుడు గానీ కోడల్ని కిందికి దూరనివ్వలేదు.

కోడలు పాటర్ను కాగితం మీద పళ్ళెం ఆకారం గీసుకుంది. ఎక్కడి బోల్టు అక్కడ గుచ్చడానికి పద్నాలుగు చిల్లులు పొడిచి, నంబర్లేసింది.

"పది నంబరు స్పానరు" అంది కిందనించి.

సిస్టరమ్మ ఆపరేషను థియేటర్లో కత్తి అందించినట్టు స్పానరు కోడలి అరచేతిలో ఠప్పుమని పెట్టింది.

"అబ్బా! అంత గట్టిగా ఎందుకు అత్తయ్యా?"

"డాక్టరు చూడకుండా తీసుకోవాలి కదా. తగిలితేనే తెలుస్తుంది. కానియ్, పేషెంటు ఎదురుచూస్తోంది."

తొమ్మిదో బోల్టు దాకా బాగానే వచ్చింది. పదోది వదులవగానే పళ్ళెం మూల చటుక్కున దిగి, పెట్టిన బేసిన్లో సగం, కోడలి భుజం మీద సగం పడింది.

"వచ్చేస్తోంది! మీదకొచ్చేస్తోంది అత్తయ్యా!"

"రానీ. నోరు మూసుకుని రంగు చెప్పు."

"నోరు మూసుకుని ఎలా చెప్పను?"

"అయితే బేసిను జరుపు. భుజాన్ని కడిగి లెక్కలో కలుపుకోలేం."

నవ్వొచ్చి కోడలు కారు కిందే కాసేపు అలా ఉండిపోయింది. బేసిను జరిపింది. సిస్టరమ్మ తెల్ల గాజుగుడ్డ చివర ఆయిల్లో ముంచి వెలుతురుకి పట్టి చూసింది. ఎర్రగా ఉండాల్సింది, బాగా మరిగిన టీలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "ముదిరింది గానీ మాడలేదు. ప్రాణానికేం భయం లేదు."

పళ్ళెంలో ఉన్న అయస్కాంతానికి కాటుకలా మెత్తగా బూడిదరంగు పొడి అంటుకుని ఉంది. వేళ్ళ మధ్య రాసి చూసింది. గరుకు లేదు, ఇనప ముక్కల్లేవు. "పళ్ళు రాలలేదు" అంది సంతోషంగా. కోడలు పళ్ళెం కడిగి, పాత గాస్కెట్టు గోకి తీసింది. వెనక మూల అది గట్టిపడి, రెండంగుళాల మేర చిట్లిపోయి ఉంది. గోకుడు తుక్కుతోపాటు దాన్నీ పారేసింది. కొత్త జల్లెడ, కొత్త గాస్కెట్టు పెట్టి, మధ్యన ఒకటీ ఎదురుగా ఒకటీగా బోల్టులు బిగించుకుంటూ వచ్చింది. కాగితం మీద ఒక్క బోల్టు మిగల్లేదు.

ఈలోగా సిస్టరమ్మ దిగిన ఆయిల్ని గీతల జగ్గుతో కొలిచి, క్యాలెండరు కాగితం వెనక లెక్క పట్టీ రాసింది. దిగింది: మూడు లీటర్ల రెండొందలు. భుజానికి: సుమారు వంద.

"దిగినంతే ఎక్కించాలి. చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు" అంది. "ముప్పై ఎనిమిదేళ్ళు ఈ పట్టీయే నా ఉద్యోగం. ఇది తప్పితే డాక్టరు నా మీద ఎగిరేవాడు."

ఎక్కించేది కొలత పుల్ల దూరే గొట్టంలోంచే. అది వేలంత లావు కూడా లేదు. ట్రంకులోంచి సెలైన్ స్టాండు బయటికొచ్చింది. దానికి ఎనామిల్ పూత ఊడిన ఎనిమా డబ్బా వేలాడింది. రబ్బరు గొట్టం బానెట్టులోకి దిగింది. ఎర్రటి కొత్త ఆయిలు చప్పుడు లేకుండా లోపలికి పోతుంటే, సిస్టరమ్మ గొట్టం మీద రెండు వేళ్ళు పెట్టి గడియారం చూస్తూ నిలబడింది.

అప్పుడే గేటు తెరుచుకుంది. శనివారం ఒంటిపూట కదా, కొడుకు వచ్చేశాడు. సెలైన్ స్టాండుని చూశాడు. భార్య నెత్తిమీది గుడ్డని చూశాడు. గచ్చు మీద పద్నాలుగు చిల్లుల కాగితం చూశాడు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"ఇప్పుడు చూడనివ్వం. వెళ్ళి బయట కూచో" అంది తల్లి గడియారం మీంచి చూపు తిప్పకుండా.

అతను వసారా మెట్టు మీద కూచున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసిన చూపుకి తల దించుకుని బూట్లు చూసుకున్నాడు. మేస్త్రిని కలిసిందని అర్థమైంది.

పట్టీ సరిపోయింది. మూడు లీటర్ల మూడొందలు దిగింది, మూడు లీటర్ల మూడొందలు ఎక్కింది. కొలత పుల్ల తీసి చూస్తే గీతకి దగ్గర్లోనే ఉంది. కారుని స్టాండ్ల మీంచి దించి, ఇటికలు తీసి, సిస్టరమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. గేరు పుల్ల లాగింది.

కారు ఆలోచించింది. ఈసారి గుక్కెడు కాదు, గ్లాసెడు. జానెడు ముందుకొచ్చి ఆగింది. ఇంజను మాత్రం పైకి లేచి అరిచింది, కారు కదల్లేదు. వెనక్కి వేసింది. అసలు చలనం లేదు.

ఇంజను ఆపేసింది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అలా కూచుంది.

కోడలు భర్త మొహం చూసింది. ఒక్క క్షణం అతని భుజాలు కిందికి దిగాయి, బరువు దించుకున్నట్టు. కోరుకున్నది దొరికింది. ఆడిన అబద్ధం దానంతట అదే నిజమైపోయింది. అప్పుడతను తల్లి వైపు చూశాడు.

సిస్టరమ్మ దిగి తలుపు మెల్లిగా వేసింది. "సరేరా. రేపాయన్ని రమ్మను" అంది. పంపు తిప్పింది. సబ్బు రాసుకుని కడుక్కుంది. మళ్ళీ సబ్బు అందుకుంది.

అతను బూటు లేసుని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. ఆపుకోలేకపోయినట్టు, నేల చూస్తూనే అన్నాడు.

"అమ్మా. మా ఫారంలో మొదటి ప్రశ్న ఒకటుంటుంది. ప్రమాదానికి ముందు బండి స్థితి ఏమిటి అని."

"అయితే?"

"దిగినంత ఎక్కించావు, బాగుంది. దిగకముందు నిండుగా ఉందని ఎవరన్నారు?"

పంపు కారుతూనే ఉంది. కోడలు గచ్చు వైపు చూసింది. కారు జానెడు ముందుకొచ్చింది కదా, ముందు చక్రం చాటున దాగుండే మరక బయటపడింది. చేటంత మరక. ప్రతి ఆదివారం సబ్బూ బ్రష్షూ పెట్టి తోముతోంది తను. ఇంకో ఆదివారానికి మళ్ళీ వస్తుంది. గచ్చు మంచిది కాదనుకుంది ఇన్నాళ్ళూ.

"ఆ గాస్కెట్టు చిట్లిపోయి ఉంది అత్తయ్యా" అంది. "వెనక మూల. చూసి కూడా పారేశాను. ఈ మరక... ఏడాదిపైనే తోముతున్నాను నేను!"

సిస్టరమ్మ పంపు కట్టేసింది. సబ్బు చేతుల్తోనే వచ్చి మరక దగ్గర నిలబడింది.

"నీళ్ళన్నీ పోయి, నాలుక పిడచకట్టుకుపోయి వచ్చిన పేషెంటు" అంది నెమ్మదిగా. "నేనేమో పట్టీ సరిపోయిందని దుప్పటి కప్పి ఇంటికి పంపేశాన్రా."

కళ్ళజోడు తెచ్చుకుని కొలత పుల్ల బయటికి లాగింది. దాని పిడి మీద సన్నటి అక్షరాలున్నాయి. ఆయిలు మట్టి కింద కనపడలేదు. గాజుగుడ్డతో తుడిచి చదివింది. ఇంజను తిరుగుతుండగా చూడాలని రాసుంది. ఆగిన ఇంజనుతో చూస్తే, పైనున్న ఆయిలంతా కిందికి జారి లేని నిండుతనం చూపిస్తుంది.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సీసా మీద చదవకుండా ఒక్క మందు ఎక్కించలేదు" అంది. "రిటైరయ్యాక చేశాను."

ఇంజను తిప్పి మళ్ళీ చూశారు. కొలత పుల్ల కొస పొడిగా ఉంది. ముందే అంచున ఉన్నది, కొత్త జల్లెడ కొంత తాగేసరికి పూర్తిగా చాలకుండా పోయింది.

సెలైన్ స్టాండు అప్పటికే ట్రంకులోకి వెళ్ళిపోయింది. అతనే లేచి, ఎనిమా డబ్బా తీసుకుని, బానెట్టు పక్కన నిలబడి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. ఆఫీసు తెల్ల చొక్కాతోనే.

"ఇంకొంచెం పైకి" అంది తల్లి.

ఎత్తాడు.

రెండొందలు పొయ్యడం, గేరు పుల్ల ఒకసారి అన్ని గళ్ళలోకీ తిప్పడం, చూడడం. మళ్ళీ రెండొందలు. ఎక్కువైనా కష్టమే, నురగ కడుతుంది. నాలుగోసారికి కొసన తడి కనిపించింది. ఐదోసారి పోస్తుంటే గొట్టం జారి అతని చేతి మడత మీద ఎర్రటి ధార కారింది. అతను డబ్బా దించలేదు. ఆరోసారి సగంలోనే, లీటరూ వందకి గీత తగిలింది.

సిస్టరమ్మ ఎక్కింది. గేరు పుల్ల లాగింది. పిలవగానే పలికినట్టు కారు కదిలింది. ఉలికిపాటు లేదు. గేటుదాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి అవసరమేమీ లేదు. అయినా వెళ్ళొచ్చింది.

దిగాక కొడుకు ముందు నిలబడి అడిగింది. "గేరుబాక్సు పోయిందని మేస్త్రి అన్నాడా?"

"లేదమ్మా. అబద్ధం చెప్పాను."

"తెలుసు. గురువారమే తెలుసు."

కోడలు నెత్తిమీది గుడ్డ విప్పుతున్నదల్లా ఆగిపోయింది.

"రోగి దగ్గర రోగం దాచిపెట్టే చుట్టాలు ఒక గొంతుతో మాట్లాడతార్రా. వరండాలో అంతా గుసగుసలాడుకుని, మొహం కడుక్కుని లోపలికొచ్చి మాట్లాడే గొంతు. అన్నేళ్ళు విన్నాను. నాతో ఆ గొంతుతో మాట్లాడావు చూడు, కారు పోతున్నందుకు కాదు, దానికి బాధేసింది."

"అయితే అప్పుడే అడగొచ్చుగా?"

"చుట్టాల్ని నిలదియ్యకూడదు. భయపడి ఉంటారు. ఇప్పుడు చెప్పు, దేనికి భయం?"

అతను చెప్పాడు. పోయిన నెల అన్నం దగ్గర ఆపేసిన మాట అక్కడినించే అందుకుని చెప్పాడు. నుజ్జయిన ఆ కారు ఫొటోలో సీటు మీద నల్ల సంచీ ఒకటి పడుందట, అమ్మ సంచీ లాంటిదే. సిస్టరమ్మ అడ్డు చెప్పకుండా విని, అతని చేతి మీద ఆయిల్ని గాజుగుడ్డతో పైనించి కిందికి తుడిచింది, కట్టు కట్టేముందు తుడిచినట్టు.

"రేపు ఏడింటికి నా పక్కన కూచో. నీ ఫారం తెచ్చుకో. మూడిళ్ళకీ నడుపుతాను. పదింటికి వచ్చే ఆయనకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నేను మాట్లాడను."

ఆదివారం కోడలు నల్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూచుంది. ముందు కూచున్న భర్త కుడిపాదం, ప్రతి మలుపు దగ్గరా నేలని గట్టిగా తొక్కుతోంది.

"అక్కడ బ్రేకు లేదు నాన్నా" అంది సిస్టరమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

రెండో ఇంటి తర్వాత ఆ పాదం కాస్త తగ్గింది. మూడో ఇంటి దగ్గర సంచీ అతనే మోశాడు. ఆయమ్మ అతన్ని చూసి "డ్రైవరు వచ్చాడా అమ్మా కొత్తగా?" అంది. "కాదు, ఇన్‌స్పెక్టరు" అంది సిస్టరమ్మ.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కొనడానికొచ్చినాయన నిలబడున్నాడు. సిస్టరమ్మ ఇంజను ఆపి, తాళం తియ్యకుండా ముందుకే చూస్తూ కూచుంది. కొడుకు దిగి వెళ్ళాడు. చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. ఆయన కారు వైపోసారి చూసి, విసుక్కుని, వెళ్ళిపోయాడు.

"ఏం చెప్పావు?" అంది సిస్టరమ్మ, అతను కిటికీ దగ్గరికి రాగానే.

"బండి ఓనరుని అడక్కుండా రమ్మన్నాను, తప్పు నాదే అన్నాను."

ఆవిడ తాళం తీసింది.

"ఇంకోటుందమ్మా. ఎడమ పక్క అద్దం చూసుకోవట్లేదు నువ్వు. రెండుసార్లు."

"ఒకసారే."

"రెండు. సంత మలుపు దగ్గరొకటి, ఆయమ్మ వీధిలో ఒకటి."

సిస్టరమ్మ వాదించబోయి ఆగింది. "రాసుకో అయితే. నెలకోసారి నా పక్కన కూచుని రాయి. తప్పులు నాలుగు దాటిన రోజున నేనే చెప్తాను. నువ్వు దాచక్కర్లేదు, నేనూ దాచను." వెనక్కి తిరిగింది. "అప్పటికి ఈ పిల్ల నేర్చుకుని ఉండాలి. కింద దూరి పళ్ళెం విప్పినదానికి, పైన కూచుని తిప్పడం ఎంత?"

"నేనా!" అంది కోడలు. కానీ ఆ మాట అనేసరికే ఆమె చూపు అత్తగారి భుజం మీంచి గేరు పుల్ల మీదికి పోయింది.

సాయంత్రం అలవాటు కొద్దీ కోడలు సబ్బూ బ్రష్షూ పట్టుకుని గచ్చు తోమడానికి బయటికొచ్చింది. పొద్దున తిరిగొచ్చాక అత్తగారు కారు కింద తెల్ల గాజుగుడ్డ పరిచిపెట్టింది. కోడలు మోకాళ్ళ మీద వంగి ఆ గుడ్డ లాగి, వెలుతురుకి పట్టి చూసింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. తెల్లగానే ఉంది.

గుడ్డ దులిపి, మడతపెట్టి, బ్రష్షు పొడిగానే తెచ్చి తన చోట పెట్టేసింది.